ఇండియా ఏవియేషన్ మార్కెట్లోకి రావాలనుకునే అమెరికా కంపెనీలకు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చిన్న ఏవియేషన్ కంపెనీలు నడిపే మనవాళ్లు, వాటిలో పనిచేసే మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకరు సీటు బెల్టుల సామాను చేస్తారు, ఒకరు రన్‌వే లైట్లు, ఇంకొకరు మెకానిక్‌లకి ట్రైనింగ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్. అందరూ చివరికి అడిగేది ఒకటే: ఇండియాలో ఇన్ని విమానాలు కొంటున్నారు, రెండు ప్రభుత్వాల మధ్య ఏవో ఒప్పందాలు కూడా ఉన్నాయి, వాటిని పట్టుకుని మేం లోపలికి ఎలా రావాలి? నేను ఇండియా వైపు ఉండి ఇలాంటి కంపెనీలకి కాగితాల పని, మీటింగుల పని చూస్తుంటాను. ఫోన్లో పదేపదే చెప్పే జవాబులు ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

ద్వైపాక్షిక సహకారం అంటే అసలు ఏమిటి? ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు.

అవును, ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు కాగితాలు ఉన్నాయి, వాటిని కలిపేసుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది.

మొదటిది విమాన సర్వీసుల ఒప్పందం. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం గగనతలం మీద ఆ దేశానిదే పూర్తి హక్కు, అనుమతి లేకుండా బయటి ఎయిర్‌లైన్ రెగ్యులర్ సర్వీసు నడపడానికి వీల్లేదు. అందుకే దేశాలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఎన్ని ఫ్లైట్లు, ఏ ఊళ్లకి అని రాసుకుంటాయి. ఇండియా, అమెరికా 2005లో ఓపెన్ స్కైస్ మీద సంతకం పెట్టాయి. మీరు ఎయిర్‌లైన్ నడపకపోతే దీంతో మీకు నేరుగా పని లేదు.

రెండోది భద్రతా ఒప్పందం, అందరూ బాసా అంటారు. ఇండియా, అమెరికా మధ్య ఇది 2011లో కుదిరింది. అమెరికాలో విమాన భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ సరే అన్నదాన్ని, ఇండియాలో అదే పని చేసే డీజీసీఏ ఎంతవరకు ఒప్పుకోవాలి, ఇక్కడ డీజీసీఏ సరే అన్నదాన్ని అక్కడ ఎంతవరకు ఒప్పుకోవాలి అన్నది ఇందులో ఉంటుంది.

మూడోది సహకార కార్యక్రమం. అమెరికా-ఇండియా ఏవియేషన్ కోఆపరేషన్ ప్రోగ్రాం, ఏసీపీ, 2007లో మొదలైంది. బయటి దేశాల ప్రాజెక్టులకి గ్రాంట్లు ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌టీడీఏ, ఎఫ్ఏఏ, అమెరికా కంపెనీలు కలిసి ఇండియా అధికారులకి ట్రైనింగులు, స్టడీలు, వర్క్‌షాపులు పెడతాయి. చైనాతో ఇలాంటిదే 2004లో మొదలుపెట్టారు.

రెండోదీ మూడోదీ నమ్మకం చుట్టూ తిరిగేవే. ఒక దేశం ఆఫీసు వేసిన ముద్రని ఇంకో దేశం ఆఫీసు మళ్లీ తవ్వి చూడకుండా నమ్మడానికి ఏం కావాలో బాసా రాస్తుంది, ఆ రెండు ఆఫీసుల్లో మనుషులు ఒకరికొకరు తెలిసేలా ఏసీపీ చేస్తుంది. మీ అమ్మకం ఆ నమ్మకం మీద నిలబడాలి. ఇది మనసులో పెట్టుకుని మిగతావి చదవండి.

మార్కెట్ నిజంగా అంత పెద్దదా, లేక పేపర్ల హడావుడా?

పెద్దదే. 2014లో దేశంలోపలి ఫ్లైట్లలో సుమారు 6.7 కోట్ల మంది తిరిగారు, 2024లో 16.13 కోట్ల మంది. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో ఒక్క ఆర్డర్‌లో 500, 2024 జనవరిలో ఆకాశ ఎయిర్ 150 ప్రకటించాయి. కాకపోతే ఆ విమానాల్లో బిగించే సామాను ఎవరి దగ్గర కొనాలో ఎయిర్‌బస్, బోయింగ్ ఎప్పుడో తేల్చేసుకున్నాయి, ఆ ఆర్డర్లు చూసి చిన్న కంపెనీ సంబరపడాల్సింది తక్కువ. మీకు చోటు ఉన్నది విమానం ఇక్కడికి వచ్చాక మొదలయ్యే అవసరాల్లో: చక్రాలు, బ్రేకుల రిపేర్లు, మెకానిక్‌ల శిక్షణ, గ్రౌండ్ ఎక్విప్‌మెంట్, ఎయిర్‌పోర్టు లైటింగ్, సాఫ్ట్‌వేర్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇదే దేశంలో జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. వాటికి అప్పుమీద సరుకు ఇచ్చినవాళ్లు ఇప్పటికీ బాధపడుతున్నారు. ప్రయాణికులు పెరగడం, ఎయిర్‌లైన్లకి డబ్బు మిగలడం ఒకటి కాదు. మొదటి ఏడాది అడ్వాన్స్ లేకుండానో, బ్యాంకు గ్యారంటీ లేకుండానో సరుకు కదపకండి.

మాకు ఎఫ్ఏఏ ఆమోదం ఉంది. బాసా ఉంది కాబట్టి ఇండియాలో ఇంకేం అక్కర్లేదు కదా?

అందరికంటే ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బాసా అంటే "అక్కడ సరే అయితే ఇక్కడా సరే" అని కాదు. దాని కింద అమలు పద్ధతులు అని ఇంకో కాగితం ఉంటుంది. ఏ రకం వస్తువుకి, ఏ దశలో, ఏ దేశం ఎంతవరకు తనిఖీ వదులుకుంటుందో అందులోనే ఉంటుంది. డిజైన్ ఆమోదం ఒక సంగతి, తయారీ ఆమోదం ఇంకో సంగతి, రిపేరు షాపు ఆమోదం పూర్తిగా వేరు. ప్రెస్ నోట్ చదివి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. మీ కంపెనీలో క్వాలిటీ చూసే మనిషి చేత ఆ అమలు పద్ధతులు పంక్తి పంక్తీ చదివించండి. మీ వస్తువు ఆ పరిధిలో ఉందో లేదో తేలితేనే తర్వాతి అడుగు.

కొత్త భాగం అమ్మడం ఒకరకం, రిపేరు చేసిన భాగం పంపడం మరో రకం. కొత్తదైతే ఎఫ్ఏఏ 8130-3 కాగితం, అంటే ఆ భాగం విమానంలో వాడటానికి పనికొస్తుందని చెప్పే సర్టిఫికెట్, తోడుంటే సాధారణంగా దారి ఉంటుంది. రిపేరు చేసినదైతే, ఆ రిపేరు చేసిన షాపుకి డీజీసీఏ కార్-145 ఆమోదం (రిపేరు షాపులకి ఇచ్చే అనుమతి) ఉందా అని అడుగుతారు. ఇండియాలో రిజిస్టరైన విమానం మీద పని చేయాలంటే, షాపు ప్రపంచంలో ఎక్కడున్నా, అది కావాలి. అమెరికా నుంచి ఫోన్ చేసే పది కంపెనీల్లో ఏడెనిమిదికి ఈ తేడా తెలియదు.

కాగితం ఉన్నా పని ఎలా ఆగుతుందో ఒకటి చెబుతాను. ఒక కంపెనీ పంపిన డబ్బా హ్యాంగర్ స్టోర్స్‌కి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. స్టోర్స్ ఇన్‌స్పెక్టర్ డబ్బా విప్పి, భాగం మీద చెక్కిన ప్లేటుని టార్చి వేసి చదివాడు, 8130-3 మీద ఎనిమిదో గడిలోని పార్ట్ నంబర్ పక్కన వేలు పెట్టాడు. ప్లేటు మీద చివర "-03", కాగితం మీద "-3". అంతే. ఎర్ర ట్యాగ్ కట్టి, ఇనప జాలీ ఉన్న క్వారంటైన్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. అక్కడి వాళ్లు కొత్త కాగితం పంపేసరికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజులూ విమానం నేలమీదే ఉంది. ఆయన చేసింది తప్పని నేను ఏ రోజూ అనుకోలేదు, ఆయన సంతకం కింద మనుషులు ఎగురుతారు. కానీ ఆ ఎయిర్‌లైన్ ఆ కంపెనీకి మళ్లీ ఫోన్ చేయలేదు. రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న నమ్మకం అంతా చివరికి ఆ ఎనిమిదో గడిలో తేలుతుంది.

ఏసీపీలో చేరితే ఆర్డర్లు వస్తాయా?

రావు. ఆ ఆశతో చేరొద్దు.

యూఎస్‌టీడీఏ డబ్బు ఎలా కదులుతుందో తెలిస్తే విషయం అర్థమవుతుంది. గ్రాంటు అమెరికా కంపెనీ చేతికి ఇవ్వరు. ఇండియా వైపు ప్రాజెక్టు ఎవరిదో, ఎయిర్‌పోర్టో, ప్రభుత్వ సంస్థో, ప్రైవేటు కంపెనీయో, వాళ్లకి ఇస్తారు. వాళ్లు ఆ డబ్బుతో అమెరికా సంస్థని ఎంచుకుని స్టడీనో, పైలట్ ప్రాజెక్టో చేయించుకుంటారు. అంటే మీరు ఒప్పించాల్సింది వాషింగ్టన్‌ని కాదు, ఇక్కడ ఒక చీఫ్ ఇంజనీర్‌ని. "ఈ సమస్య మాకు ఉంది, దీని మీద స్టడీ కావాలి" అని ఆయన రాస్తేనే కథ మొదలవుతుంది.

మరి ఎందుకు చేరాలి? మామూలుగా మీ మెయిల్‌కి జవాబు రాయని ఆఫీసులో, వర్క్‌షాపు టీ విరామంలో పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం దొరుకుతుంది. రాబోయే రెండేళ్లలో ఏ నిబంధనలు మారబోతున్నాయో, ఏ స్పెసిఫికేషన్లు రాయబోతున్నారో ముందే చెవిన పడుతుంది. టెండర్ బయటికి వచ్చాక పరుగెత్తేవాడికీ, టెండర్‌కి ఆరు నెలల ముందు సమస్య విన్నవాడికీ చాలా తేడా ఉంది. నా లెక్కలో ఏసీపీ విలువ అంతా ఆ ఆరు నెలలే.

రివర్స్ ట్రేడ్ మిషన్ అంటున్నారు, అదేమిటి?

కొనేవాళ్లనే అమెరికా తీసుకెళ్లి చూపించడం. ఇండియా అధికారులు, ఎయిర్‌పోర్టు ఇంజనీర్లు ఒక బృందంగా వచ్చి ఎయిర్‌పోర్టులు, ఫ్యాక్టరీలు తిరిగి చూస్తారు.

చిన్న కంపెనీకి ఇంతకంటే మంచి అవకాశం లేదు, కానీ చాలామంది స్లైడ్లు చూపించి పాడుచేసుకుంటారు. ఒకసారి ఇలాంటి బృందంతో నేనూ వెళ్లాను. రన్‌వే లైట్లు చేసే కంపెనీ వైస్ ప్రెసిడెంట్ నలభై స్లైడ్లు సిద్ధం చేసుకున్నాడు. మనవైపు నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రికల్ ఇంజనీర్, పెద్దాయన, స్లైడ్లు వదిలేసి నేల మీద పెట్టిన లైటు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. "వానాకాలంలో దీంట్లోకి నీళ్లు పోతాయి. రాత్రి రెండు ఫ్లైట్ల మధ్య మాకు దొరికేది ఇరవై నిమిషాలు. ఆలోపు విప్పి, ఆరబెట్టి, మళ్లీ బిగించగలమా?" అని అడిగారు. వైస్ ప్రెసిడెంట్ దగ్గర జవాబు లేదు. వెనక నిలబడిన టెక్నీషియన్ జేబులోంచి పానా తీసి, అక్కడే విప్పి, రబ్బరు రింగు మార్చి, మళ్లీ బిగించి చూపించాడు. తొమ్మిది నిమిషాలు. పెద్దాయన వాచీ చూసుకుని పాకెట్ నోటుబుక్కులో ఆ అంకె రాసుకున్నారు. మర్నాడు బస్సులో మొత్తం బృందం మాట్లాడుకున్నది ఆ తొమ్మిది నిమిషాల గురించే.

అందుకే చెబుతున్నాను, మిషన్ వస్తోందంటే మీ షాపు ఫ్లోర్ మీద పనిచేసే మనిషిని ముందు నిలబెట్టండి. వానాకాలం, మే నెల ఎండ, ఉత్తరాదిన జనవరి పొగమంచు, ఈ మూడింటికీ మీ వస్తువు ఏం చేస్తుందో జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి నేరుగా అమ్మొచ్చా?

అది ప్రభుత్వ ఎయిర్‌పోర్టులు నడిపే సంస్థ, చిన్న కంపెనీకి కష్టం. ప్రభుత్వ కొనుగోళ్లలో ₹200 కోట్ల లోపు పనులకి గ్లోబల్ టెండర్ పిలవకూడదని 2020 నుంచి నిబంధన ఉంది. దానికి తోడు, మేక్ ఇన్ ఇండియా ఉత్తర్వు ప్రకారం స్థానిక విలువ, అంటే వస్తువు ధరలో ఇండియాలో చేరిన వాటా, 50 శాతం ఉన్నవాళ్లు మొదటి తరగతి, 20 శాతం ఉన్నవాళ్లు రెండో తరగతి సరఫరాదారులు. 20 శాతం కూడా లేనివాళ్లకి గ్లోబల్ టెండర్ తప్ప వేరే దారి లేదు. మీ వస్తువు మొత్తం అమెరికాలో తయారై వస్తే, మీరు ఈ లెక్కలోకే రారు. పైన చెప్పిన ద్వైపాక్షిక ఒప్పందాలు దీన్ని మార్చవు, పైగా డబ్ల్యూటీఓ ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందంలో ఇండియా సభ్య దేశం కాదు.

అందుకే ప్రైవేటు ఎయిర్‌పోర్టుల వైపు చూడమంటాను. ఢిల్లీ, హైదరాబాద్ జీఎంఆర్ చేతిలో, ముంబై, అహ్మదాబాద్ లాంటివి అదానీ చేతిలో ఉన్నాయి, బెంగళూరుకి వేరే సంస్థ ఉంది. వాళ్ల కొనుగోలు పద్ధతులు వాళ్లవి. అక్కడ రెండేళ్లు బాగా పనిచేసిన వస్తువుని తర్వాత ప్రభుత్వ ఎయిర్‌పోర్టుల వాళ్లే వచ్చి చూస్తారు.

లోకల్ పార్ట్‌నర్ తప్పనిసరా?

చట్టం ప్రకారం చాలా విభాగాల్లో కాదు. విమానాల రిపేరు, నిర్వహణ షాపులు, శిక్షణ సంస్థలు, ఎయిర్‌పోర్టులు, వీటన్నిటిలో 100 శాతం విదేశీ పెట్టుబడి ప్రభుత్వ అనుమతి అడగకుండానే పెట్టొచ్చు. జూరిక్ ఎయిర్‌పోర్ట్ సంస్థ 2019లో జేవర్ దగ్గర నోయిడా ఎయిర్‌పోర్టు బిడ్‌ని, ఒక్కో ప్రయాణికుడి లెక్కన ప్రభుత్వానికి ₹400.97 ఇస్తానని, సొంతంగానే గెలుచుకుంది. ఎయిర్‌లైన్ల సంగతి వేరు, విదేశీ ఎయిర్‌లైన్ 49 శాతానికి మించి వాటా తీసుకోవడానికి లేదు.

ఆచరణలో మాత్రం చిన్న కంపెనీకి పార్ట్‌నర్ ఉండాలనే అంటాను. స్థానిక విలువ లెక్క కోసం, కస్టమ్స్ కోసం, రాత్రి రెండింటికి హ్యాంగర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి. పార్ట్‌నర్‌ని ఎంచుకునేటప్పుడు "మాకు మంత్రిగారు తెలుసు" అనేవాళ్లకంటే, వరసగా ఐదేళ్లు డీజీసీఏ ఆడిట్లు దాటిన చిన్న షాపు మేలు. ఏకైక పంపిణీ హక్కు మొదటి రోజే ఎవరికీ ఇవ్వకండి, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుసు.

పన్నులు?

ఒకప్పటికంటే నయం. రిపేరు, నిర్వహణ సేవల మీద జీఎస్టీ 2020లో 18 నుంచి 5 శాతానికి తగ్గింది. విమాన భాగాల దిగుమతి మీద 2024 జూలై 15 నుంచి ఒకే రేటు, 5 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద వేసే జీఎస్టీ), షరతులకి లోబడి. ఆ షరతుల్లో మీ భాగం పడుతుందో లేదో కస్టమ్స్ ఏజెంట్ చేత డబ్బా కదలకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

మా టెక్నాలజీకి అమెరికా ఎగుమతి లైసెన్స్ కావాలా?

కావచ్చు. పౌర విమాన భాగాల్లో చాలావాటికి ఇబ్బంది ఉండదు, కానీ సెన్సర్లు, నావిగేషన్, థర్మల్ కెమెరాల విషయంలో ముందే లాయర్‌ని అడగండి. ఇండియా కొనుగోలుదారుకి డెమో చూపించడం, డ్రాయింగులు మెయిల్ చేయడం కూడా ఎగుమతి కిందికి రావచ్చని చాలామందికి తట్టదు.

విమానాలు, ఇంజన్లు లీజుకిచ్చే వ్యాపారం మాది. గో ఫస్ట్ తర్వాత ఇండియా అంటేనే భయంగా ఉంది.

భయం సహజమే. 2023 మేలో గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేయగానే మారటోరియం వచ్చింది, లీజుకిచ్చినవాళ్లు తమ సొంత విమానాలు తాము తీసుకెళ్లలేకపోయారు. 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2024 ఏప్రిల్ అయింది. ఇలా జరగకూడదనే కదా, లీజుకిచ్చినవాళ్లు తమ విమానాలు వెనక్కి తీసుకునే హక్కు మీద దేశాలు రాసుకున్న కేప్‌టౌన్ ఒప్పందం ఉన్నది! ఇండియా 2008లోనే అందులో చేరింది, కానీ దాన్ని అమలుచేసే దేశీయ చట్టం లేకపోవడంతో దివాలా చట్టానిదే పైచేయి అయింది. 2025లో పార్లమెంటు ఆ చట్టం చేసింది. అంతర్జాతీయ వేదిక మీద సంతకం పెట్టడానికీ, ఇక్కడి కోర్టులో అది నిలబడటానికీ మధ్య పదిహేడేళ్లు గడిచాయి. ఏ ఒప్పందం చూసినా ముందు ఇదే అడగండి: దీని వెనక ఇక్కడి చట్టం ఉందా?

రెండు దేశాల సంబంధాలు చెడితే మా గతేంటి?

రెండు రకాల ఉదాహరణలు చూడండి. 2014 జనవరిలో ఎఫ్ఏఏ ఇండియా భద్రతా పర్యవేక్షణని కేటగిరీ 2కి, అంటే అంతర్జాతీయ ప్రమాణాలకి తగ్గట్టు లేదనే స్థాయికి, దించింది. ఇక్కడి ఎయిర్‌లైన్లు అమెరికాకి కొత్త ఫ్లైట్లు పెంచుకోలేకపోయాయి. డీజీసీఏ కొత్తగా ఇన్‌స్పెక్టర్లని ఉద్యోగంలోకి తీసుకుని, శిక్షణ ఇచ్చి, లోపాలు సరిదిద్దుకుని 2015 ఏప్రిల్‌లో మళ్లీ కేటగిరీ 1 తెచ్చుకుంది. ఇది సాంకేతికమైన దెబ్బ, దీనికి మందు ఉంది.

రెండోది వేరే రకం. 2025 మేలో టర్కీకి చెందిన సెలెబీ సంస్థకి, ఎయిర్‌పోర్టుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ బీసీఏఎస్ సెక్యూరిటీ క్లియరెన్స్ రద్దు చేసింది, జాతీయ భద్రత కారణంగా. ముంబై, ఢిల్లీ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఏళ్ల తరబడి గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసిన సంస్థ అది. కోర్టుకి వెళ్లినా ఫలితం లేకపోయింది. ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లి చేసే పని ఏదైనా ఆ క్లియరెన్స్ మీదే నడుస్తుంది కాబట్టి, అలాంటి పనికి పెట్టుబడి పెట్టేటప్పుడు ఈ రిస్క్ లెక్కలో వేసుకోవాల్సిందే.

అమెరికా విషయంలో 2025లో సుంకాల గొడవ పెద్దదే అయింది, కానీ విమాన భద్రత చూసే ఇంజనీర్ల మధ్య రాకపోకలు వేరే లోకం. నన్నడిగితే, ద్వైపాక్షిక సహకారంలో అన్నిటికంటే గట్టిగా నిలిచేవి ఆ ఇంజనీర్ల పరిచయాలే.

ఎంత కాలం పడుతుంది?

నేను చూసినంతలో, మొదటి మీటింగు నుంచి మొదటి చెల్లింపు దాకా ఏడాదిన్నర నుంచి మూడేళ్లు. అంతకాలం ఇక్కడ ఒక మనిషి జీతం, ఏటా మూడు నాలుగు ప్రయాణాలు భరించలేమనుకుంటే ఇప్పుడే మొదలుపెట్టొద్దు. మధ్యలో వదిలేసి వెళ్లిన కంపెనీకి రెండోసారి తలుపు తెరుచుకోవడం చాలా కష్టం, ఇక్కడివాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

దీనికి ఎదురు దారి ఉందా? మా అన్నయ్యది హైదరాబాద్‌లో మెషినింగ్ షాపు, అమెరికాకి అమ్మాలనుకుంటున్నాడు.

ఉంది, పైగా చాలామంది అనుకునేదానికంటే సులువైన దారి. పెద్ద తయారీదారుకి సరఫరాదారుగా చేరితే అన్నయ్యకి విడిగా ఎఫ్ఏఏ ఆమోదం అక్కర్లేదు, ఆ తయారీదారు ఆమోదం కిందే వస్తువు వెళ్తుంది. ఏఎస్9100 సర్టిఫికెట్ (ఏవియేషన్ తయారీలో క్వాలిటీ ప్రమాణం) మాత్రం ఉండాలి. ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు (హెలికాప్టర్ ప్రధాన బాడీ) పంపుతోంది. అలాంటి వాటికి సామాను చేసిచ్చే చిన్న షాపుగా మొదలుపెట్టడం నేరుగా అమెరికా తలుపు తట్టడం కంటే మంచిది.

మొదటిసారి ఇండియా వస్తున్నాం. ఎవరిని కలవాలి?

ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌లో డీజీసీఏ ఆఫీసులో మీ వస్తువుకి సంబంధించిన విభాగాన్ని, ఎంబసీలో కమర్షియల్ సర్వీస్ వాళ్లని, ఏసీపీ సభ్య కంపెనీల్లో ఒకరిద్దరిని కలవండి. ఒకరోజు ఏదైనా ఎంఆర్ఓ (విమానాల రిపేరు, నిర్వహణ) హ్యాంగర్‌లో గడపండి. అక్కడ మేనేజర్ గదిలో కాఫీ తాగాక, స్టోర్స్ ఇన్‌స్పెక్టర్‌ని పరిచయం చేయమని అడగండి. మీ 8130-3 నమూనా ఒకటి ప్రింటు తీసి, మీ వస్తువు మీద ఉండే ప్లేటు ఫొటోతో పాటు ఆయన ముందు పెట్టండి, "ఇలా వస్తే తీసుకుంటారా సార్?" అని అడగండి. ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ గడి దిద్దుకున్నాకే మొదటి డబ్బా పంపండి.